గంగాభవానికి చెప్పని పాఠం

అల్లూరు బస్టాండుకు ఎదురుగా, మందుల షాపు మీది మేడలో ఇరవై ఏళ్లకు పైగా కంప్యూటర్ సెంటర్ నడుపుతున్నాడు హజరత్తయ్య. తండ్రి కౌలుకు వరి పండించిన రైతు. కసుమూరు దర్గాలో మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. బీకాం అయ్యాక నెల్లూరు వెళ్లి ఒక ఇన్‌స్టిట్యూట్‌లో సి లాంగ్వేజ్ నేర్చుకున్నాడు. మూడు నెలల పాటు ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అక్కడి మాస్టారు తప్పు చేసినవాణ్ణి అందరి ముందూ లేపి నిలబెట్టేవాడు. హజరత్తయ్య రోజూ నిలబడ్డాడు. నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం తను రాసిన ప్రోగ్రామ్ తెర మీద తప్పు లేకుండా నడిస్తే, ఇంటికొచ్చే బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చేశాడు. నిలబెట్టబట్టే తనకు విద్య వచ్చిందని ఆ రోజు ఆయనకు గట్టిగా నాటుకుపోయింది.

అందుకే సెంటర్ పెట్టాక చాలా ఏళ్లపాటు ప్రోగ్రామింగ్ నేర్చుకుంటామని ఎవరొచ్చినా అందరికీ సి తోనే మొదలుపెట్టేవాడు. పదో తరగతి పిల్లలకూ అదే, డిగ్రీ చదివేవాళ్లకూ అదే. "పునాది లేకుండా మిద్దె లేస్తదా?" అనేవాడు. సగం మంది నెల తిరక్కుండానే మానేసేవాళ్లు. మిగిలినవాళ్లే సరుకున్నవాళ్లని ఆయన లెక్క.

కాలం మారింది. ఆయనా మారాడు. ఇప్పుడు ఎవరైనా పిల్లల్ని తీసుకొస్తే ముందు నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. చిన్నపిల్లలైతే స్క్రాచ్. అందులో రాయడం ఉండదు, రంగు ముక్కల్ని ఒకదాని కింద ఒకటి పేర్చితే తెర మీద పిల్లి నడుస్తుంది. డిగ్రీ పిల్లలకూ, ఉద్యోగం చేస్తూ ఏదో ఒక పని సులువు చేసుకోవాలనుకునేవాళ్లకూ పైథాన్. వెబ్‌సైట్లు చేయాలని సరదా పడేవాళ్లకు జావాస్క్రిప్ట్. మోటార్లు, సెన్సార్లు చేతబట్టుకు తిరిగే పాలిటెక్నిక్ పిల్లలకు మాత్రం ఇప్పటికీ సి. విడవలూరు నుంచి, తోటపల్లి గూడూరు నుంచి కూడా ఆయన్ని అడగడానికి వస్తారు. "హజరత్తయ్య సారు నాడి చూసి మందిచ్చినట్టు చెప్తాడు" అని పేరు. ఆ పేరు విన్నప్పుడల్లా ఆయనకు లోపల ఎక్కడో చిన్న ముల్లు కదిలేది. ఎందుకు కదులుతోందో ఆయనకు తెలుసు. తెలియనట్టు ఉండేవాడు.

పోయిన జూన్‌లో సముద్రం పక్కనున్న హైస్కూలు హెడ్‌మాస్టరు మాథ్యూ గారు ఫోన్ చేశారు. స్కూలుకు పది కంప్యూటర్లు వచ్చాయని, నేర్పే మనిషి లేక అవి గుడ్డలు కప్పుకొని ఉన్నాయని, శనివారాలు రెండు గంటలు వచ్చి ఆరు, ఏడు తరగతుల పిల్లలకు చెప్పమని అడిగారు. హజరత్తయ్య ఒప్పుకున్నాడు.

మొదటి శనివారమే పిల్లలు ఎగబడ్డారు. ఒక్కో కంప్యూటర్ ముందు ముగ్గురు. పిల్లి బొమ్మను సముద్రంలో ఈదించాలని ఒకడు, దానికి లుంగీ కట్టాలని ఒకడు. గది గోలగోలగా ఉంది. కిటికీ పక్కన ఒక అమ్మాయి మాత్రం చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ముందున్న ఇద్దరూ ఎక్కడ ఆగిపోయినా నోటితో చెబుతోంది. "పైన ముక్క తీసి కిందకి పెట్టు. ఇప్పుడు ఆగకుండా తిరగతాది చూడు." చెప్పింది చెప్పినట్టు జరుగుతోంది. తను మాత్రం మౌస్ ముట్టడం లేదు.

హజరత్తయ్య దగ్గరికి వెళ్లాడు. "నీ పేరేంది పాపా?"

"చిట్టి సార్. ఏడో తరగతి."

"అంతా నువ్వే చెప్తావుండావే. నువ్వు చెయ్యొచ్చు గదా?"

చిట్టి తల అడ్డంగా ఊపింది. "మాయమ్మ వద్దనింది సార్. కంప్యూటర్లు మనకి రావు, మన బుర్రకి ఎక్కవు, ముట్టుకోవద్దు అనింది. చూసేదానికైతే పొమ్మనింది."

"అట్లెందుకనింది?"

"మాయమ్మ చిన్నప్పుడు అల్లూరు పోయి నేర్చుకుందంట. రాలేదంట. మా వంశానికి రాదంట."

హజరత్తయ్య అడగకుండా ఉండాలనుకున్నాడు. అడిగాడు. "మీయమ్మ పేరు?"

"గంగాభవాని సార్."

ఆ తర్వాత గంటన్నర ఆయన ఏం చెప్పాడో ఆయనకే గుర్తు లేదు. అల్లూరు వచ్చే ఆటోలో కూర్చున్నాక, రోడ్డుకు రెండు పక్కలా రొయ్యల గుంటల్లో తెల్లగా నురగ చిమ్ముతూ నీళ్లలోకి గాలి కొడుతున్న ఏరియేటర్లను చూస్తూ, పద్నాలుగేళ్ల కిందటి ఆ వారాలన్నీ ఒక్కొక్కటిగా గుర్తు చేసుకున్నాడు. గుర్తు చేసుకోవడానికి కష్టపడలేదు. అవి ఎటూ పోలేదు.

అప్పుడు గంగాభవానికి పంతొమ్మిదేళ్లు. జాలర్లుండే పట్టపుపాళెం నుంచి కంప్యూటర్ నేర్చుకోవడానికి సెంటర్ మెట్లెక్కిన మొదటి ఆడపిల్ల. తండ్రి రమణయ్య సముద్రం మీద వేటకు పోతాడు. తను ఇంటర్ పాసై, రొయ్యల గుంటల దగ్గర పనికి కుదిరింది. చంకలో పొడుగాటి నోటుబుక్కు పెట్టుకుని వచ్చి, ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నదో ఎవరూ అడక్కుండానే చెప్పింది.

"మొత్తం ఎనిమిది గుంటలు సార్. పొద్దునా సాయంత్రం నీళ్లు చూసి, ఉప్పెంత, వేడెంత, ఆక్సిజన్ ఎంత అని రాస్తా. రాసేదైతే రాస్తాం, తిరగేసి చూసేవాళ్లు లేరు. మొన్న ఐదో గుంటలో రొయ్యలన్నీ చచ్చి తేలినాయి. నేను ఎనక్కి తిరగేసి చూస్తే నాలుగు రోజుల నుంచీ ఆక్సిజన్ పడిపోతానే ఉండాది. ఈ నంబర్లు కంప్యూటర్‌కి చెప్తే, పలానా గుంట చూసుకోండని అది ముందే చెప్తదా సార్?"

చెబుతుంది. ఆ రోజే హజరత్తయ్యకు తెలుసు. ఎక్సెల్‌లో ఒక ఫార్ములా పెడితే తగ్గిన అంకె ఎర్రగా కనిపిస్తుంది. లేదా పైథాన్‌లో పది లైన్లు. ఒక పత్రికతో పాటు వచ్చిన సీడీలో పైథాన్ ఉంటే ఆయన అప్పటికే ఇంట్లో నేర్చుకుని, ఎంత సులువుగా ఉందో అని ఆశ్చర్యపోయి ఉన్నాడు. కానీ ఆమెతో ఆ మాట అనలేదు. "అయ్యన్నీ తర్వాత. ముందు సి నేర్చుకో" అన్నాడు.

ఇరవై మంది ఉన్న బ్యాచ్‌లో ఆమెను వెనక వరసలో కూర్చోబెట్టాడు. రోజూ గుంటల మీద పని ముగించుకుని, షేర్ ఆటోలో పది కిలోమీటర్లు వచ్చేది. నీలం తెర మీద అర్థం కాని గుర్తులన్నీ నోటుబుక్కులో దించుకునేది. మూడో వారంలో పాయింటర్లు వచ్చాయి. నక్షత్రం గుర్తు పెడితే ఒక అర్థం, తీసేస్తే ఇంకో అర్థం. ఆమె ప్రోగ్రామ్ నడిపించిన ప్రతిసారీ చివర "నల్ పాయింటర్ అసైన్‌మెంట్" అని తప్పు చూపించేది. ఒక రోజు చెయ్యెత్తి అడిగింది.

"సార్, ఎనిమిది గుంటల్లో ఏ గుంటలో ఆక్సిజన్ తగ్గిందో చూసేదానికి ఈ చుక్క గుర్తు ఎందుకు కావాల? ఇది లేకుండా కాదా?"

మంచి ప్రశ్న. బహుశా ఆ ఏడాది ఆ గదిలో ఎవరైనా అడిగిన అన్ని ప్రశ్నల్లోకీ మంచిది. దానికి నిజమైన జవాబు, "అక్కర్లేదమ్మా, నీకు ఇది అక్కర్లేదు" అని. ఆ జవాబు చెబితే తను మూడు వారాలుగా ఆమె చేత చేయించింది ఎందుకో చెప్పాలి. హజరత్తయ్యకు చిరాకు వచ్చింది.

"వలలు అల్లుకునే బుర్రకి పాయింటర్లు ఎక్కమంటే ఎట్ల ఎక్కుతాయిలే, కూర్చో" అన్నాడు.

గదంతా ఘొల్లుమంది. ఆయన కూడా నవ్వాడు. గంగాభవాని కూర్చుంది. క్లాసు అయ్యేదాకా కదల్లేదు. అయ్యాక కంప్యూటర్‌ను పద్ధతి ప్రకారం ఆపి, కుర్చీ లోపలికి జరిపి, "పోయొస్తా సార్" అని వెళ్లింది. మళ్లీ రాలేదు. ఓ నెల తర్వాత ఆమెకు పెళ్లయిందని ఎవరో చెప్పారు. "అదీ సంగతి, పెళ్లి కుదిరి మానేసింది" అనుకున్నాడు ఆయన. పద్నాలుగేళ్లు అదే అనుకుంటూ వచ్చాడు.

ఇంతవరకైతే, కోపంలో నోరు జారిన మాస్టారు అని తనను తాను క్షమించుకునేవాడేమో. అసలు ముల్లు వేరే ఉంది. అదే నెలలో రైస్‌మిల్లు వాళ్లబ్బాయి నరేంద్రబాబు కూడా చేరాడు. చదువు మీద ధ్యాస లేని పిల్లవాడు. వాళ్ల నాన్న స్వయంగా మెట్లెక్కి వచ్చి, "మావాడికి విసుగు పుట్టకుండా చూడు హజరత్తయ్యా" అన్నాడు. హజరత్తయ్య వాణ్ణి సి బ్యాచ్‌లో వేయలేదు. లోపల ఏసీ గదిలో కూర్చోబెట్టి విజువల్ బేసిక్ చూపించాడు. మొదటి రోజే తెర మీద ఒక బటన్ గీయించి, దాన్ని నొక్కితే "నరేంద్రబాబు" అని రంగుల్లో పడేట్టు చేయించాడు. పిల్లవాడి మొహం వెలిగిపోయింది. పునాది సంగతి ఆ రోజు ఆయనకు గుర్తు రాలేదు. అంటే ఎవరికి ఏది ముందు చెప్పాలో ఆయనకు తెలియక కాదు. తెలిసే, ఒకరికి తలుపు తీశాడు, ఒకరికి గోడ చూపించాడు.

ఇంటికి వచ్చాక అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే భార్య వెంకటశేషమ్మ అడిగింది. నరేంద్రబాబు విషయం మినహాయించి మిగతాదంతా చెప్పాడు.

"ఆ పిల్ల ఇంటికి పోయి తప్పయిందమ్మా అని చెప్పు" అన్నది ఆమె. "చెప్తే నోరేమన్నా పడిపోతదా?"

మర్నాడు ఆదివారం పట్టపుపాళెం వెళ్లాడు. మధ్యాహ్నం ఎండకు ఇసుక కాలుతోంది. గంగాభవాని ఇంటి ముందు కొట్టంలో కూర్చుని, గుంటల నుంచి తెచ్చిన చెక్ ట్రేలకు చిరిగిన వల గుడ్డ కుడుతోంది. మేత వేశాక రొయ్యలు తిన్నాయో లేదో చూడటానికి నీళ్లలోకి దించే ట్రేలవి. ముప్పై మూడేళ్లకే కళ్ల కింద ఎండ మచ్చలు. ఆయన్ని చూడగానే లేచి నిలబడింది.

"సార్! మీరా? రండి సార్, రండి. చిట్టీ, సారుకి కుర్చీ ఎయ్యి."

ఈ మర్యాద ఆయన అనుకోలేదు. తిడుతుందేమోనని సిద్ధపడి వచ్చాడు. ఆమె చెంబుతో నీళ్లిచ్చి, ఎదురుగా నిలబడే మాట్లాడింది.

"మీ పాప బాగా చురుగ్గా ఉండాదమ్మా" అన్నాడు. "చెయ్యనియ్యి. అడ్డం పెట్టబాక."

"వద్దులే సార్. రానిదాని ఎంట పడేది దేనికి?"

"రాదని ఎవురన్నారు?"

ఆమె ఆయన మొహంలోకి చూసింది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. "మీరే గదా సార్ అనింది. తప్పుగా అనలేదులే. నాకు నిజంగానే ఎక్కలా. మూడు వారాలు కిందా మీదా పడినా. ఒక్క రోజన్నా అది సరిగ్గా నడవలా. మీరు ఉన్నమాట చెప్పినారు. నా బిడ్డని గూడా నలుగురిలో నవ్వించేదెందుకని..."

ఇక్కడే చెప్పి ఉండాల్సింది. మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆమే మళ్లీ అందుకుంది. "ఇప్పుడు కంపెనీవాళ్లు గుంటల కాడ ఫోన్లో ఒక యాప్ ఇచ్చినారు సార్. నంబర్లు కొడితే తగ్గిన గుంట ఎర్రగా చూపిస్తది. చదువుకున్న పిల్లోళ్లు యాడనో కూర్చోని చేసినారంట. బలే ఉండాది." నవ్వింది. "నేను ఆ పొద్దు మిమ్మల్ని అడిగినానే, అదే."

హజరత్తయ్య నీళ్ల చెంబు కింద పెట్టి, "సరేనమ్మా, ఆలోచించు" అని లేచి వచ్చేశాడు. బస్సు ఎక్కేదాకా తల ఎత్తలేదు. తన మాటను ఆమె నిజమని నమ్మింది. పద్నాలుగేళ్లు దాన్ని దాచుకుని, ఇప్పుడు కూతురికి కూడా ఇస్తోంది. కోపగించుకుని ఉంటే ఎంత బాగుండేది అనిపించింది.

"చెప్పినావా?" అని వెంకటశేషమ్మ అడిగితే, "సందర్భం కుదర్లేదు" అన్నాడు. ఆమె గిన్నెలు సర్దుకుంటూ పోయింది.

ఆ తర్వాతి శనివారాలు చిట్టి వస్తూనే ఉంది. అదే కిటికీ పక్కన, అలాగే చేతులు ఒళ్లో పెట్టుకుని. ఆయన ఎన్ని విధాల పిలిచినా మౌస్ ముట్టలేదు. అమ్మ మాట దాటే పిల్ల కాదు. తోటివాళ్లు చేపను మొసలి తరుముతున్నట్టు ఆట తయారుచేస్తే, మొసలి ఎందుకు ఆగిపోతున్నదో దూరం నుంచే కనిపెట్టి చెప్పింది. ఆ పిల్ల నోరు తెరిచిన ప్రతిసారీ ఆయనకు వెనక వరసలోంచి ఎత్తిన ఇంకో చెయ్యి కనిపించేది.

ఆగస్టులో తల్లిదండ్రుల సమావేశం పెట్టారు మాథ్యూ గారు. పాళెంలోని ఆడవాళ్లు నలభై మంది దాకా వచ్చారు. గంగాభవాని కూడా వచ్చి గోడవారన నిలబడింది. పిల్లలు చేసిన ఆటలు చూపించడం అయ్యాక, హెడ్‌మాస్టరు హజరత్తయ్యను రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆయన వారం రోజులుగా ఒకటి అనుకుని ఉన్నాడు. అవమానం నలుగురి ముందు చేశాడు కాబట్టి తప్పు కూడా నలుగురి ముందే ఒప్పుకోవాలి. అదే న్యాయం అనిపించింది.

"పద్నాలుగేళ్ల కింద ఇక్కడున్న గంగాభవాని నా దగ్గర చదువుకునే దానికి వచ్చింది" అని మొదలుపెట్టాడు. అందరూ ఆమె వైపు తిరిగారు. "నేను ఆమెను క్లాసులో అందరి ముందూ అనరాని మాట అన్నా. వలలు అల్లుకునే బుర్ర అని నవ్వినా. అందరూ నవ్వినారు. ఆమె మానేసింది. తప్పు నాది. ఈ పొద్దు మీ అందరి ముందూ క్షమించమని అడుగుతా ఉండా."

చేతులు జోడించాడు. మాథ్యూ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు "అయ్యో" అన్నారు. ఒకామె పక్కామె చెవిలో ఏదో అన్నది. హజరత్తయ్య మాత్రం గుండె మీది బండ దిగినట్టు ఊపిరి పీల్చుకున్నాడు. తల ఎత్తి చూసేసరికి గోడవారన గంగాభవాని లేదు.

బయట చేతిపంపు దగ్గర కనిపించింది. మొహం కడుక్కుంటోంది. ఆయన దగ్గరికి రాగానే తిరిగి నిలబడింది. ఈసారి మర్యాద లేదు.

"ఎందుకు సార్ ఇట్ల చేసినారు?"

"నేను చేసిన తప్పు..."

"ఆ పొద్దు నవ్వినోళ్లు ఇరవై మంది. వాళ్లెవురో నాకు తెలీదు, నేనెవురో వాళ్లకి తెలీదు. ఈ పొద్దు పాళెం అంతటికీ తెలిసిపొయ్యింది. మా నాయనకి చెప్పలా నేను. మా ఆయనకి గూడా చెప్పలా. చిట్టికి రాలేదన్నానేగానీ ఎందుకో చెప్పలా. ఊరందరికీ కంప్యూటరు నాకు నచ్చలా, నేనే మానేసినా అని చెప్పుకున్నా ఇన్నేండ్లు. ఆ ఒక్క మాట నాకంటూ మిగుల్చుకోనుంటి. దాన్ని గూడా ఊడబెరికినారు." ఆమె పైట చెంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. "మీ బరువు మీరు దించుకున్నారు. దించి నా నెత్తిన పెట్టినారు. రేపు గుంటల కాడ అందరూ నన్ను అదే అడగతారు. ఏమని చెప్పాల?"

ఆమె చిట్టి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. తర్వాతి శనివారం కిటికీ పక్కన ఎవరూ లేరు. ఆ పై శనివారమూ లేరు.

హజరత్తయ్యకు అన్నం సహించలేదు. సెంటర్‌లో పాఠం మధ్యలో ఆగిపోయేవాడు. కావలి నుంచి ఒకాయన కొడుకును తీసుకొచ్చి, "వీడికి ఏది ముందు నేర్పమంటారు సార్? మీరు బాగా చెప్తారంట గదా" అని అడిగితే, "రేపు రండి" అని పంపేశాడు. ఆ సాయంత్రం వెంకటశేషమ్మకు నరేంద్రబాబు సంగతి కూడా చెప్పాడు.

"అయితే నువ్వు అందరి ముందూ చెప్పింది సగమే" అన్నది ఆమె. "మాట జారినావని చెప్పినావు. దాచిపెట్టినావని చెప్పలా."

"అది చెప్తే ఇంక నా మొహం చూస్తదా ఆ పిల్ల?"

"చూడకపోతే పోనియ్యి. చూసేదానికా నువ్వు పొయ్యేది?"

ఈసారి ఆయన ఆమె ఇంటికి వెళ్లలేదు. పొద్దున్నే ఏడింటికి గుంటల దగ్గరికి వెళ్లాడు. గంగాభవాని గట్టు మీద నడుస్తూ ట్రేలు పైకి లాగి చూస్తోంది. ఆయన్ని చూసి ఆగలేదు. ఆయన నాలుగడుగులు వెనకే నడిచాడు. ఏరియేటర్ల చప్పుడుకు గొంతు పెంచాల్సి వచ్చింది.

"క్షమించమని అడిగేదానికి రాలేదమ్మా. నీకు తెలియని సంగతి ఒకటి ఉండాది. చెప్పి పోతా."

ఆమె ట్రే నీళ్లలోకి వదిలి, తాడు పట్టుకునే నిలబడింది.

"నువ్వు అడిగిన పనికి ఆ చుక్క గుర్తులు ఏవీ అక్కర్లేదు. పది లైన్లలో అయిపొయ్యేది. వారంలో వచ్చేసేది నీకు. సులువైన దారి ఆ పొద్దే నాకు తెలుసు. అదే నెలలో రైస్‌మిల్లు వాళ్లబ్బాయికి సులువు దారిలోనే చెప్పినా, ఏసీ గదిలో కూర్చోబెట్టి. నీకు చెప్పలా."

ఆమె నీళ్ల వైపు చూస్తూనే అడిగింది. "ఎందుకని?"

జవాబు ఆయన దారి పొడుగునా వెతుక్కుంటూ వచ్చాడు. మెత్తని మాటలు కొన్ని దొరికాయి కూడా. అప్పట్లో అదే పద్ధతి అనొచ్చు. పని ఒత్తిడి అనొచ్చు. ఏవీ పైకి రాలేదు.

"నువ్వు పాళెం పిల్లవని" అన్నాడు. "నీకు వచ్చినా రాకపోయినా అడిగేవాళ్లు లేరని."

గాలికి ఆమె పైట కొట్టుకుంటోంది. గంగాభవాని తాడును గూటానికి చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది. మాట్లాడినప్పుడు ఆమె గొంతు ఆయన ఎన్నడూ విననంత మెల్లగా ఉంది.

"అయితే నాకు బుర్ర లేక కాదు."

"కాదమ్మా. ఆ పొద్దు గదిలో అందరికన్నా మంచి ప్రశ్న అడిగింది నువ్వే. దానికి జవాబు చెప్పలేక అన్నా ఆ మాట."

"పద్నాలుగేండ్లు" అన్నదామె. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ రాలనివ్వలేదు. వెన్ను నిటారుగా చేసుకుని ఆయన వైపు తిరిగింది. "మీరు ఉన్నమాట అన్నారనుకున్నప్పుడు మీ మీద నాకు కోపం రాలా సార్. ఇప్పుడొస్తా ఉండాది. శానా వస్తా ఉండాది. మీరు ఇంక మా ఇంటికి రాబాకండి. గుంటల కాడికీ రాబాకండి."

"రానమ్మా."

ఆయన గట్టు దిగుతుంటే వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది. "చిట్టికి ముందు ఏం నేర్పిస్తారు?"

హజరత్తయ్య ఆగాడు. "ఆ బొమ్మల ముక్కలతోనే మొదలుపెడతా. ఆడుకోనీ ఒక సంవత్సరం. మొసలి ఎందుకు ఆగిపోతావుందో కనిపెట్టే పిల్ల. దానికి రాయాలని ఎప్పుడనిపిస్తే అప్పుడు పైథాన్ చెప్తా."

"అది ఏమన్నా అడిగితే నవ్వబాకండి" అన్నదామె. అని, పక్క గుంట వైపు వెళ్లిపోయింది.

ఆ శనివారం చిట్టి వచ్చింది. కిటికీ పక్కన కూర్చోలేదు. మొదటి కంప్యూటర్ ముందు, ఇద్దరు మగపిల్లల్ని పక్కకు జరిపి, మధ్యలో కూర్చుంది. మౌస్ పట్టుకోవడం తెలియక మొదట రెండు చేతులతో పట్టుకుంది. గంట తిరిగేసరికి తెర మీద నాలుగు పడవలు. రెండో గంటలో వాటికి గాలి పెట్టింది. గాలి ఎక్కువైతే పడవలు వాటంతట అవే ఒడ్డుకు తిరగాలని పట్టుబట్టింది. అలా తిప్పడం ఎలాగో మూడుసార్లు అడిగింది. హజరత్తయ్య మూడుసార్లూ మోకాళ్ల మీద కూర్చుని, ఆ పిల్ల కళ్లకు ఎదురుగా మొహం పెట్టి చెప్పాడు.

గంగాభవాని ఆయన దగ్గర నేర్చుకోలేదు. దసరా సెలవుల తర్వాత మాథ్యూ గారి మాటల మధ్యలో ఒక సంగతి తెలిసింది. స్కూల్లో కొత్తగా చేరిన లెక్కల టీచరు ప్రత్యూష దగ్గర సాయంత్రాలు కూర్చుని ఆమె ఎక్సెల్ నేర్చుకుంటోందట. కూతురికి తోడుగా వచ్చినట్టు వచ్చి, ఒక మూల కంప్యూటర్ ముందు కూర్చుంటుందట. "నాలుగు రోజులకే ఫార్ములాలు పెట్టేస్తా ఉందండీ, ఇంతకుముందు ఎక్కడన్నా నేర్చుకుందా అని ప్రత్యూష నన్ను అడిగింది" అన్నారు మాథ్యూ గారు, మాట మధ్యలో ఆయనకే గుర్తొచ్చి ఆగిపోయారు. హజరత్తయ్య తల ఊపాడు. సంతోషం వేసింది. ఆ సంతోషంలో తనకు భాగం లేదన్నది కూడా అంతే స్పష్టంగా తెలిసింది. నాలుగు రోజుల పని. ఆ నాలుగు రోజులు తను ఇవ్వకపోవడం వల్ల ఆమెకు పోయినవి ఎన్నేళ్లో లెక్కకు అందలేదు.

సెంటర్‌లో కొత్తవాళ్లు వచ్చి ఏది ముందు నేర్చుకోవాలని అడిగినప్పుడు ఆయన ఇప్పుడూ చెబుతున్నాడు. వెనకటిలా చటుక్కున చెప్పడం లేదు. వచ్చినవాళ్లది ఏ ఊరు, తండ్రి ఏం చేస్తాడు అని అడగడం మానేశాడు. మొన్న ఒక పాలిటెక్నిక్ అమ్మాయి వచ్చి మోటారు తిప్పే చిన్న బోర్డు బల్ల మీద పెడితే, నీకు సి కావాలి అన్నాడు. అని, పాయింటర్ల దగ్గర ఒక వారం పాటు ఏమీ అర్థం కాదని, అది నీ తప్పు కాదని ముందే చెప్పాడు. ఎందుకు చెబుతున్నాడో తెలియక ఆ అమ్మాయి నవ్వింది.

నవంబరులో ఒక పొద్దున అల్లూరు సంతలో కూరగాయలు కొంటుంటే ఎదురుగా గంగాభవాని వచ్చింది. తప్పుకుని పోతుందనుకుని హజరత్తయ్యే పక్కకు జరిగాడు. ఆమె ఆగింది. చేతిలో సంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

"చిట్టికి జొరం సార్. ఈ శనివారం రాదు" అన్నది. "వచ్చే వారం పంపిస్తా."

"అట్లేనమ్మా" అన్నాడు.

ఆమె వెళ్లిపోయింది. కూరగాయలామె రెండుసార్లు పిలిచే దాకా హజరత్తయ్య టమాటాలు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.